లెదర్ రిక్లైనర్ కొనేముందు షాపులో ఏం చూడాలి? నాన్నకి కావాలి, బడ్జెట్ 45 వేలు

మోకాలిబాధ_కేపీహెచ్‌బీ:
అందరికీ నమస్తే. పోయిన నెల మా నాన్నకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. ఇంట్లో సోఫా బాగా కిందికి ఉంటుంది, అందులోంచి ఆయన్ని లేపాలంటే నేనూ అమ్మా చెరో చెయ్యి పట్టుకోవాలి, అందుకని సింగిల్ రిక్లైనర్ ఒకటి తీసుకుందామని నాలుగు షాపులు తిరిగా. ఒకతను 42 వేలకి మోటర్‌తో సహా "ప్యూర్ జెన్యూన్ లెదర్ సార్" అంటాడు, పక్క షాపులో అచ్చం అలాంటిదే, చేత్తో లాగేది, 27 వేలు, అది లెదరెట్ అంట, అంటే తోలులా కనిపించే నకిలీది. నాకైతే రెండూ ఒకేలా ఉన్నాయి, కూర్చుంటే రెండూ హాయిగానే ఉన్నాయి (ఏసీ షోరూంలో అయిదు నిమిషాలు కూర్చుంటే ఏదైనా హాయిగానే ఉంటుంది లెండి). లోపల చెక్క ఏంటి, ఫోమ్ ఏంటి అని అడిగితే "ఫుల్ హెవీ సార్, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అంటాడు తప్ప ఇంకో ముక్క రాదు. తెలిసినవాళ్లు చెప్పండి, షాపులో నిలబడి మనం ఏం కనిపెట్టగలం? కోసి చూడలేం కదా.

టేకుముక్క:
కొయ్యక్కర్లేదు బ్రో, తిరగేస్తే చాలు. 12 ఏళ్లుగా సోఫాలు చేసే వర్క్‌షాప్ నడుపుతున్నా, నా మాట విని ముందు లెదర్ సంగతి పక్కన పెట్టండి, అందరూ పైన తోలు రుద్ది చూసి మోసపోతారు, కుర్చీ చచ్చేది లోపల్నుంచి. కింద నల్ల గుడ్డ ఒకటి పిన్నులు కొట్టి ఉంటుంది చూడండి, దాని ఒక మూల ఊడదీసి చూపించమనండి, మళ్లీ కొట్టుకోడానికి వాళ్లకి రెండు నిమిషాల పని. ఫోన్ టార్చ్ వేసి చూడండి. గట్టి చెక్కో మంచి ప్లైవుడ్డో అయితే ఓకే, రంపం పొట్టు అతికించిన బోర్డు కనిపిస్తే ఇంక మాట్లాడకుండా వచ్చేయండి, దాంట్లో స్క్రూ ఒకసారి లూజైతే మళ్లీ పట్టదు. మూలల్లో అడ్డంగా చిన్న చెక్క దిమ్మలు పెట్టి, ఫెవికాల్ రాసి, స్క్రూలు బిగించారా, లేక ఉత్త స్టేపుల్ పిన్నులేనా, అది చూడాలి. సీటు కింద జిగ్‌జాగ్ స్ప్రింగులు దగ్గర దగ్గరగా ఉండి ఒకదానికొకటి కట్టి ఉంటే మంచిది, ఉత్త ఎలాస్టిక్ బెల్టులైతే అవి సాగిపోయాక సీటు గుంట పడుతుంది.

తిప్పనివ్వకపోతే ఇంకోటి చేయండి, ముందువైపు ఒక మూల పట్టుకుని జానెడు ఎత్తు లేపండి, రెండో మూల కూడా తొందరగానే లేవాలి. అది నేల మీదే ఉండిపోయి కుర్చీ మెలి తిరిగినట్టయితే ఫ్రేములో దమ్ము లేనట్టే.

ఫోమ్ దగ్గర డెన్సిటీ అడగండి. అంటే ఘనపు మీటరుకి ఎన్ని కిలోలు అని, గట్టిదనం కాదు, ఇది సేల్స్‌వాళ్లలో సగం మందికి తెలీదు, గట్టిగా ఉంటే డెన్సిటీ ఎక్కువ అనుకుంటారు. చవక ఫోమ్ కూడా కొత్తలో రాయిలా ఉంటుంది, తర్వాత దిగిపోతుంది. సీటుకి కనీసం 32, కుదిరితే 40, వీపుకి తక్కువైనా పర్లేదు. ఎంత చెప్తే అంత బిల్లు మీద రాయమనండి, అప్పుడు తెలుస్తుంది అసలు రంగు.

మెకానిజం కూడా మర్చిపోవద్దు, కాళ్ల పలక పూర్తిగా తెరిచి పట్టుకుని పక్కకి ఊపండి. కొంచెం ఆట ఉంటుంది, కానీ గేటులా ఊగితే వద్దు. రెండు వైపులా ఒకేసారి తెరుచుకోవాలి, ఒకవైపు ముందు ఒకవైపు వెనక వస్తే ఇప్పటికే వంకర పోయిందన్నమాట.

బెజవాడఎండ:
పైన అన్న చెప్పింది కరెక్టే కానీ తోలు సంగతి పక్కన పెట్టమంటే మాత్రం నేనొప్పుకోను, నాకు తగిలిన దెబ్బ అదే. మేం "జెన్యూన్ లెదర్" అంటే నమ్మి కొన్నాం, మూడో ఎండాకాలానికి తల ఆనే చోట అప్పడంలా పొట్టు లేచింది, మా ఆయన చొక్కా కాలర్ నిండా నల్ల పెచ్చులే. షాపుకి ఫోన్ చేస్తే వారంటీ మెకానిజానికే మేడం అన్నారు. మేస్త్రీని పిలిచి విప్పిస్తే తోలు వెనక గుడ్డ ఉంది! తోలు ముక్కల పొట్టుని జిగురుతో అట్టలా నొక్కి పైన ప్లాస్టిక్ పూత పూస్తారంట, బాండెడ్ లెదర్ అంటారు, తోలు కొంచెం ఉంది కాబట్టి లెదర్ అని అమ్మేస్తారు. ఆ పూత తేమకీ చెమటకీ పెళుసై రాలిపోతుంది, ఇంక దాన్ని బాగుచేసేదేం లేదు, మొత్తం మార్చుకోడమే. దానికి తోడు మా ఇంట్లో రోజూ కొబ్బరినూనె రాసుకుని తల ఆనిస్తారు, అది అసలు తోలుకి కూడా మంచిది కాదంట.

కాబట్టి సీటు కింద జిప్పు ఉంటే తీసి వెనకవైపు చూడండి, అసలు తోలైతే పీచుపీచుగా బొచ్చులా ఉంటుంది, గుడ్డ నేత కనిపిస్తే అది తోలు కాదు.

చిట్కాలరాణి:
చాలా ఈజీ అండీ, ఒక నీళ్ల చుక్క వేయండి, పీల్చుకుంటే అసలు తోలు, జారిపోతే నకిలీ.

టేకుముక్క:
మేడం అది పూత లేని తోలుకి పనిచేస్తుంది, సోఫాల తోలు ఎక్కువ శాతం రంగు పూత వేసిందే వస్తుంది, అసలుదైనా నీళ్లు జారిపోతాయి. వాసన కూడా నమ్మకండి, స్ప్రే కొట్టి తెప్పిస్తారు. బొటనవేలితో నొక్కితే చుట్టూ సన్నటి ముడతలు పడి వదలగానే పోవాలి, అదీ ఒక గుర్తు మాత్రమే, గ్యారంటీ కాదు.

@బెజవాడఎండ మీరన్నది నిజమే, ఒప్పుకుంటున్నా. ఇంకోటి, "ఎయిర్ లెదర్", "టెక్నో లెదర్" అని పేర్లు చెప్తారు, అందులో తోలు ఉండదు. ప్రశ్న అడిగిన తమ్ముడికి, ఒక రిక్లైనర్‌కి పెద్ద తోళ్లు రెండు మూడు పడతాయి, 42 వేలకి మోటరూ వచ్చి ఒళ్లంతా టాప్ గ్రెయిన్ (తోలు పై పొర, మంచి రకం) కూడా అంటే నాకు లెక్క కుదరట్లేదు.

డాలస్‌లో_ఆవకాయ:
ఇక్కడ అమెరికాలో కూడా ఇదే గోల, "లెదర్ మ్యాచ్" అని ఒళ్లు తగిలే చోట తోలు, పక్కలకీ వెనక్కీ వినైల్ (తోలులా కనిపించే ప్లాస్టిక్) వేస్తారు. అది మోసం కాదు, చెప్పి అమ్మితే మంచి బేరమే. మేం తీసుకున్నదానికి ఏడేళ్లయినా సీటు బాగుంది, పక్కన వినైల్ మాత్రం కిటికీ ఎండకి పగిలింది. కాబట్టి తోలు ఎక్కడెక్కడ ఉంది అని అడగండి, ఉందా లేదా అని కాదు.

అమ్మకిరెండుమోకాళ్లు:
అందరూ చెక్కా తోలూ అంటున్నారు, అసలు అవసరం ఎవరూ చూడట్లేదు. మీ నాన్నగారి సమస్య పడుకోవడం కాదు, లేవడం. మామూలు మోటర్ రిక్లైనర్ వెనక్కి వాలుతుంది, కాళ్లు లేపుతుంది, అంతే, మనిషిని నిలబెట్టదు. నిలబెట్టేదాన్ని లిఫ్ట్ రిక్లైనర్ అంటారు, కుర్చీ మొత్తం ముందుకి వంగి లేపుతుంది, ముందు డాక్టర్‌ని అడిగి అది చూడండి. ఇంక ఆ 27 వేల చేత్తో లాగేదైతే అసలు వద్దు, కాళ్ల పలక మూయాలంటే మడమలతో గట్టిగా కిందికి నొక్కాలి, ఆపరేషన్ అయిన మోకాలితో అదెలా కుదురుతుంది? ఆయన్నే షాపుకి తీసుకెళ్లి కూర్చోబెట్టండి, పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, మోకాళ్లు నడుం కంటే పైకి రాకూడదు. కరెంటు పోతే వాలిన కుర్చీలోనే ఇరుక్కుపోతారు, మా అమ్మ ఒకసారి అలాగే ముప్పావుగంట ఉండిపోయింది పాపం, కాబట్టి ఇన్వర్టర్ లైన్ ఉన్న ప్లగ్గుకే పెట్టండి.

మోకాలిబాధ_కేపీహెచ్‌బీ:
అందరికీ థాంక్స్ అండీ. ఆదివారం నాన్నని తీసుకుని మళ్లీ వెళ్లాం. 42 వేల షాపులో గుడ్డ విప్పమంటే "కంపెనీ సీల్ సార్" అన్నాడు, పట్టు పడితే విప్పాడు, మూలల్లో దిమ్మల్లేవు, అన్నీ పిన్నులే. సర్లే అని టాప్ గ్రెయిన్ లెదర్ అని బిల్లు మీద రాస్తావా అంటే "లెదర్ ఫినిష్" అని రాస్తా అన్నాడు! అక్కడితో దండం పెట్టి బయటికొచ్చేశా. చివరికి ఇంకో చోట లిఫ్ట్ రిక్లైనర్ తీసుకున్నాం, 44 వేలు, లెదరెట్టే, వాళ్లే ముందు చెప్పారు తోలు కాదు అని. ప్లైవుడ్ ఫ్రేము, స్క్రూలు కనిపించాయి, సీటు ఫోమ్ 40 అని బిల్లు మీద రాసిచ్చారు. తల ఆనే చోట అమ్మ అప్పుడే పాత టవల్ పరిచేసింది. నాన్న మాత్రం బటన్ నొక్కి కుర్చీ లేపుతుంటే "ఒరేయ్ ఇది లేపుతోందా బయటికి పంపిస్తోందా" అని ఒకటే గొడవ, ఇప్పుడు మా బాబు దాని మీంచి దిగట్లేదు, ఆ రిమోట్‌కి పిల్లల లాక్ లాంటిది ఏమైనా ఉంటుందా?

అమ్మకిరెండుమోకాళ్లు:
కొన్నింటికే ఉంటుంది. లేకపోతే వాడకంలో లేనప్పుడు ప్లగ్గు పీకేయండి. కాళ్ల పలక కింద సందులోకి పిల్లలు చేతులు పెడతారు, మూసేటప్పుడు ఒకసారి వంగి చూసుకోండి.