స్లీప్‌లో పెట్టిన కంప్యూటర్ రాత్రిపూట దానంతటదే ఎందుకు లేస్తోంది?

కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర మాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. అక్కడి విండోస్ 10 డెస్క్‌టాప్ పగలు సక్రమంగానే స్లీప్‌లోకి వెళ్తుంది గాని, రాత్రి షట్టర్ వేసి వెళ్లాక తనంతట తానే లేచి, తెల్లవారేదాకా స్క్రీన్ సేవర్ తిప్పుతూ ఉంటోంది. పొద్దున చేయి పెడితే క్యాబినెట్ పైభాగం వెచ్చగా తగులుతుంది. ఇక్కడి ఎండాకాలంలో అది చిన్న విషయం కాదు.

కమాండ్ ప్రాంప్ట్‌లో, కంప్యూటర్‌ను చివరిసారి ఏది లేపిందో చూపే 'పవర్‌సీఎఫ్‌జీ లాస్ట్‌వేక్' ఆదేశం ఇచ్చినప్పుడు నెట్‌వర్క్ కార్డు పేరు కనబడింది. అందువల్ల డివైస్ మేనేజర్‌లో ఆ కార్డుకున్న మేల్కొలిపే అనుమతిని తొలగించి, పవర్ ఆప్షన్స్‌లో వేక్ టైమర్లను (నిర్ణీత సమయానికి కంప్యూటర్‌ను లేపేవాటిని) కూడా ఆపివేశాను. ఇప్పుడు ఆ ఆదేశం ఏ కారణమూ చూపడం లేదు, యంత్రం మాత్రం లేస్తూనే ఉంది.

రాత్రి కరెంటు పోయి, పాతబడిన యూపీఎస్ బ్యాటరీ కూడా అయిపోయి, తిరిగి కరెంటు రాగానే బయోస్‌లోని (మదర్‌బోర్డు మూల అమరికల్లోని) 'రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' అమరిక వల్ల ఇది ఆన్ అవుతోందేమోనని నా అనుమానం. విండోస్ ఘటనల చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో దీన్ని ఎలా నిర్ధారించుకోవాలి? లేచాక మళ్లీ స్లీప్‌లోకి పోకుండా అడ్డుకుంటున్నది ప్రింటర్ సాఫ్ట్‌వేరా, మరొకటా అన్నది ఎలా పట్టుకోవాలో కూడా తెలిసినవారు దయచేసి వివరించగలరు.