డ్రిల్లింగ్ అంటే ఒకే కాన్పులో ముగ్గురు

ప్రశ్న: నేను చేస్తున్న ఒక అనువాదంలో ‘జర్మన్ డ్రిల్లింగ్’ అనే వేట తుపాకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం చివర ఒక అమెరికన్ సైనికుడు దాన్ని జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకుంటాడు. ‘రంధ్రాలు చేసే తుపాకి’ అని రాశాను, మనసొప్పలేదు. తెలుగులో ఏమనాలి?

జవాబు: ఆ మాట దయచేసి తీసేయండి. ఇది మనకు తెలిసిన ఆంగ్లపు డ్రిల్లింగ్ కాదు. జర్మన్‌లో కవలల్లో ఒకరు ‘త్స్విల్లింగ్’, ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురిలో ఒకరు ‘డ్రిల్లింగ్’. వాళ్ల ‘డ్రై’, మన సంస్కృత ‘త్రి’ ఒకే మూలం నుంచి వచ్చినవి. మూడు గొట్టాలు ఒకటిగా పుట్టిన తుపాకికి ఎంత ముద్దుగా పేరు పెట్టుకున్నారో చూడండి! నాలుగుంటే ‘ఫీర్లింగ్’.

మామూలుగా పైన పక్కపక్కన రెండు నున్నని గొట్టాలు, కింద ఒక రైఫిల్ గొట్టం ఉంటాయి. కుందేలు లేస్తే చిన్న గుండ్లు, అడవిపంది ఎదురైతే తూటా. అడవిలో రెండు తుపాకులు మోయనక్కర్లేదు.

వీటికి పేరుపడ్డ ఊరు జర్మనీలో టురింగియా ప్రాంతంలోని జూల్. 1945 ఏప్రిల్‌లో అమెరికా సేన అక్కడికి చేరింది, జులైలో ఆ ప్రాంతం సోవియట్ల చేతికి వెళ్లింది. జర్మనీలో తాము అడుగుపెట్టిన చోటల్లా అమెరికన్లు పౌరుల ఆయుధాలు అప్పగించమన్నారు. అలా పోగుపడ్డ తుపాకుల్లోంచి నచ్చినది ఏరుకుని, పై అధికారి సంతకం చేసిన కాగితంతో ఇంటికి తీసుకెళ్లిన సైనికులు ఎందరో. ఏ వేటగాడో తన తండ్రి నుంచి అందుకున్న తుపాకి అలా సముద్రం దాటిందని తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

ఆ సైనికుల ఇళ్లలో తర్వాతి తరం వాళ్లకూ మాటల దగ్గరే చిక్కు. గొట్టం మీద ‘ఫ్లుస్‌ష్టాల్ క్రుప్ ఎస్సెన్’ అని కనబడితే తయారీదారు క్రుప్ అనుకుంటారు. అది గొట్టానికి వాడిన ఉక్కు పేరు మాత్రమే. ‘ఫ్లుస్’ అంటే నది కూడా కాబట్టి ‘నది ఉక్కు’ అని రాసేయగలరు, జాగ్రత్త. కరిగించి పోసిన ఉక్కు అని భావం. వలయంలో 16 అన్న అంకె గొట్టం లోపలి వెడల్పు కొలత (గేజ్). పాత 16 గేజ్ తుపాకుల్లో తూటా కూర్చునే గది పొడవు చాలావరకు 65 మిల్లీమీటర్లు, నేటి తూటాలు 70. తెలియక పేలిస్తే ప్రమాదం.

ఇక తెలుగు మాట. ముక్కంటి, ముప్పేట, ముజ్జగాలు ఉన్నప్పుడు ‘ముగ్గొట్టపు తుపాకి’ ఎందుకు ఉండకూడదు? మొదటిసారి ‘డ్రిల్లింగ్ అనే ముగ్గొట్టపు తుపాకి’ అనండి, తర్వాత డ్రిల్లింగ్ చాలు.

ప్రశ్న: చాలా సంతోషం. అక్కడే ‘ఫ్లింటె’ అని కూడా ఉంది.

జవాబు: నున్నని గొట్టపు తుపాకి. చెకుముకి రాయి నుంచి వచ్చిన పేరు. ‘ఫ్లింటెను పైరులోకి విసిరేయడం’ అని వాళ్ల పలుకుబడి, ఆశ వదులుకోవడమని అర్థం. మీ పుస్తకంలో అది ఎదురైతే ‘అస్త్రసన్యాసం’ అని నిస్సంకోచంగా రాయండి.