కార్బన్ మెష్‌ని (కార్బన్ ఫైబర్ వల) స్టీల్ రాడ్లకు కట్టినవాళ్లు ఉన్నారా? తుప్పు అనుభవాలు చెప్పండి

స్లాబ్_సందేహి: పాత స్లాబ్ మీద కార్బన్ మెష్ పరిచి కొత్త కాంక్రీట్ పోశాం. మెష్ కదలకుండా మామూలు బైండింగ్ వైర్‌తో రాడ్లకే కట్టేశారు. కార్బన్‌కి తుప్పు పట్టదు కదా అని నేనూ ఊరుకున్నా. ఏడాదిన్నర తిరక్కుండానే నీళ్లు నిలిచే మూలలో గోధుమరంగు మరకలు. చెక్కి చూస్తే వైరు ముడి ఉండాల్సిన చోట చిటికెడు ఎర్రపొడి. మెష్ మాత్రం నిగనిగలాడుతోంది.

పాత_రాడ్డు: దానికి పట్టదు, పక్కదానికి పట్టిస్తుంది. కార్బన్‌లో కరెంటు పారుతుంది. తడి కాంక్రీట్‌లో స్టీల్‌ని తాకితే బ్యాటరీ తయారైనట్టే, అందులో కరిగేది స్టీలే. పైగా అంత మెష్ కాథోడ్ (కరగని వైపు), సన్నటి వైరు ఆనోడ్ (కరిగే వైపు). దెబ్బంతా వైరు మీదే.

ల్యాబ్_మనిషి: తప్పంతా కార్బన్ మీదకి తోసెయ్యకండి. మంచి కాంక్రీట్ పీహెచ్ (క్షారగుణం కొలత) 12.5 పైనే ఉంటుంది, స్టీల్ మీద పల్చటి రక్షణ పొర నిలుస్తుంది. అది ఉన్నంతకాలం కార్బన్ తగిలినా పారే కరెంటు చాలా తక్కువ. క్లోరైడ్లు (ఉప్పులాంటి లవణాలు) చేరాకో, కార్బొనేషన్‌తో, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి చేరి, పీహెచ్ 9 దాకా పడిపోయాకో అసలు గొడవ. ముందు ఆ నీళ్ల సంగతి చూడండి.

స్లాబ్_సందేహి: జింక్ పూత వైరు వాడి ఉంటే?

పాత_రాడ్డు: జింక్ ఇంకా ముందే పోతుంది. అల్యూమినియం ఊసే ఎత్తకండి, కాంక్రీట్‌లోని క్షారమే దాన్ని తినేస్తుంది.

ఎపాక్సీ_అన్న: స్టెయిన్‌లెస్ కొంత నయం. నేనైతే ప్లాస్టిక్ టైలు, మధ్యలో ప్లాస్టిక్ కవర్ బ్లాకులే వాడతా. స్తంభాలకి కార్బన్ షీట్ చుట్టేటప్పుడు, ఇనుము తగిలే చోట కింద ఒక గ్లాస్ ఫైబర్ పొర వేస్తాం. ఫైబర్ మీద ఎపాక్సీ (జిగురు రెసిన్) పూత ఉందిగా అని ఒకసారి ధీమాగా ఉన్నా. కోసిన అంచుల్లో ఫైబర్ బయటికే ఉంది! మల్టీమీటర్ ఒక కొన అక్కడ, రెండోది రాడ్డు మీద పెట్టగానే బీప్, అంటే రెండూ తగులుతున్నట్టే. కాంక్రీట్ పోయడం ఆపించి సగం రోజు ముడులు విప్పించా. మేస్త్రీ తిట్టుకున్నాడనుకోండి.

స్లాబ్_సందేహి: మేం పోసేశాం కదన్నా. ఇప్పుడేం చెయ్యాలి?

ల్యాబ్_మనిషి: హాఫ్‌సెల్ టెస్ట్ (కాంక్రీట్ పైనుంచి లోపలి స్టీల్ వోల్టేజీ కొలిచేది) చేయించండి. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి వస్తే తుప్పు నడుస్తున్నట్టే లెక్క. కానీ కార్బన్ రాడ్డుకి తగిలి ఉంటే కార్బన్, స్టీల్ రెండింటి వోల్టేజీలకీ మధ్యస్థంగా చూపిస్తుంది, అంకె బాగుందని నమ్మేయకండి. ముందు రెండూ తగులుతున్నాయో లేదో తేల్చుకోండి.

స్లాబ్_సందేహి: చెక్కిన చోట రాడ్డూ మెష్షూ రెండూ కనిపిస్తున్నాయి. రేపు మల్టీమీటర్ పట్టుకెళ్తా, బీప్ వస్తే ఇక్కడే చెప్తా.