మిర్చి యార్డులో మెరిసే పట్టీలు: వాటిని చూసి ధర కట్టొచ్చా?

యార్డు గుమాస్తా:
కార్బన్ డాట్స్ అనే నానో కణాలు పూసిన కాగితం పట్టీ వస్తోందట. కాయ నానేసిన ద్రావణం ఒక చుక్క వేసి యూవీ టార్చి కింద పెడితే పురుగుమందు జాడ నిమిషాల్లో తెలుస్తుందంటున్నారు. గుంటూరు యార్డులో టిక్కీలోంచి (మిర్చి బస్తాలోంచి) మచ్చు తీసి చూస్తాం కదా, ఇదీ అప్పుడే చూసి ధర కడితే పోయేదేముంది? యూరప్‌కు పంపే సరుకులో, అక్కడ విడిగా పరిమితి పెట్టని మందుకు కిలోకి 0.01 మిల్లీగ్రామే హద్దు. సరుకు కొన్నాక ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా మాకు టెన్షనే.

కెమిస్ట్రీ మాస్టారు:
చూడండి, కానీ ధరకు ముడిపెట్టకండి. ఇలాంటి పట్టీల్లో చాలావాటికి ఆధారం ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి మందులు దాన్ని పనిచేయనివ్వవు, దాంతో కణాల వెలుగులో తేడా వస్తుంది. మరి నల్ల తామర పురుగు వచ్చాక మనవాళ్లు కొడుతున్నవి అవేనా? ఇమిడాక్లోప్రిడ్, స్పైనటోరామ్ ఆ ఎంజైమ్ జోలికే పోవు. కాయలో మందున్నా పట్టీ ఏమీ లేదంటుంది.

అసలు చిక్కు ఎండుమిర్చితోనే. తేజ రకం కాయను సాల్వెంట్‌లో (మందును కరిగించి లాగే ద్రవంలో) వేయండి, సీసా ఎర్రబడుతుంది. ఆ రంగునిచ్చే కెరోటినాయిడ్లు నీలి వెలుగును మింగేస్తాయి. కార్బన్ డాట్స్‌లో ఎక్కువ రకాలు వెలిగేది నీలంగానే! వెలుగు తగ్గితే మందున్నట్టు లెక్కేసే పట్టీ అయితే, రంగు దండిగా ఉన్న మేలు కాయ ఫెయిలై రంగు వెలిసిన తాలు కాయ పాసవుతుంది.

ప్రత్తిపాడు రైతు:
తేమ ఉందనీ తాలు ఉందనీ ఇప్పటికే ధర కోస్తున్నారు. ఇప్పుడు ఇదొకటా? పైగా పక్క చేలో కొట్టిన మందు గాలికి మా చేలోకీ వస్తుంది. దానికీ నేనే జవాబుదారీనా మాస్టారూ?

ల్యాబ్ తమ్ముడు:
రంగు తీయడానికి దారుంది మాస్టారూ. మేం క్వెచర్స్ అనే, మందు జాడలు తేల్చే ముందు మచ్చును శుభ్రం చేసే ల్యాబ్ పద్ధతిలో కార్బన్ పొడి వేసి తీసేస్తాం. దాంతోపాటు కొన్ని మందులూ ఆ పొడికే అంటుకుపోతాయి, అది వేరే తలనొప్పి. గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ మిషను, అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్ పెట్టుకుని కాటా పక్కన చేసే పని మాత్రం కాదు. క్వాంటమ్ డాట్స్‌కు 2023లో నోబెల్ వచ్చిందని మా దగ్గరికొచ్చే కిట్ల ఏజెంట్లు తెగ చెబుతున్నారు. ఆ నోబెల్ వచ్చింది క్వాంటమ్ డాట్స్ అనే వేరే రకం నానో కణాలకు, ఈ పట్టీలకు కాదు. కోతకు ముందు రైతే చేలో చూసుకోవడానికైతే నేనూ సరేనంటా.

యార్డు గుమాస్తా:
సరే, ధర మాట వదిలేద్దాం. అనుమానం వచ్చిన లాటును పక్కన పెట్టి, ఇక్కడే ఉన్న స్పైసెస్ బోర్డు (సుగంధ ద్రవ్యాల కేంద్ర సంస్థ) ల్యాబ్‌కు పంపుదాం. ఆ ఫీజు ఎవరు కట్టాలి?

ప్రత్తిపాడు రైతు:
అనుమానం మీది, ఫీజు నాదా? రిపోర్టు వచ్చేలోగా రేటు పడిపోతే ఆ తేడా కూడా మీరే కట్టాలి.