“మార్చడానికీ పంచడానికీ” అంటే మార్చినదాన్ని పంచవచ్చనేనా?

ప్రశ్న: పాత సాఫ్ట్‌వేర్ ఫైళ్లలో కాపీరైట్ నోటీసు కింద ఒక వాక్యం కనిపిస్తుంది. తెలుగులో చెప్పాలంటే, “ఈ సాఫ్ట్‌వేర్‌ను ఏ అవసరానికైనా, రుసుము లేకుండా వాడడానికీ, కాపీ చేయడానికీ, మార్చడానికీ, పంచడానికీ అనుమతి ఇస్తున్నాం.” లైసెన్స్ అన్న మాట ఎక్కడా లేదు. దీన్ని ఓపెన్ సోర్స్ లైసెన్సుల్లో వేయొచ్చా?

జవాబు: వేయొచ్చండి. పేరు నోటీసే అయినా చేసే పని లైసెన్సుది. “సర్వహక్కులూ మావే” అని మాత్రమే ఉంటే ఏ అనుమతీ లేనట్టే. ఇక్కడ అనుమతి ఉంది. ఈ తరహా వాక్యాలకు మూసగా ఉన్న హిస్టారికల్ పర్మిషన్ నోటీస్ అండ్ డిస్‌క్లైమర్‌ను, ఏది ఓపెన్ సోర్స్ లైసెన్సో తేల్చే సంస్థ ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ ఆమోదించింది కూడా.

అసలు పేచీ ఆ “కీ”ల దగ్గరే. మార్చుకోవచ్చు సరే, పంచవచ్చు సరే. మరి మార్చిన ప్రతిని పంచవచ్చా? పంచకూడదంటే అది ఓపెన్ సోర్స్ నిర్వచనంలోని మూడో షరతు (మార్చిన ప్రతులను కూడా పంచనివ్వాలన్నది) దగ్గరే ఆగిపోతుంది. ఇదేదో వ్యాకరణం మేస్టార్ల చాదస్తం అనుకోకండి. పైన్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్ విషయంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం సరిగ్గా ఇదే వాదించింది: మార్చడానికి వేరే, పంచడానికి వేరే అనుమతి ఇచ్చాం, మార్చినదాన్ని పంచమనలేదు అని. నా దృష్టిలో అది మెలిక పెట్టి చదవడమే. మామూలుగా చదివేవాళ్లెవరికీ ఆ అర్థం తట్టదు. కానీ ఆ తర్వాత ఐఎస్‌సీ (ఇంటర్నెట్ సిస్టమ్స్ కన్సార్టియం అనే సంస్థ) వాళ్లు ఇలాంటి వాక్యమే ఉన్న తమ ఇంగ్లిష్ లైసెన్సులో “పంచడానికి” ముందున్న “అండ్” తీసేసి “అండ్/ఆర్” అని మార్చుకున్నారు. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు వాడే అదే లైసెన్సు మూసలో పాత “అండ్” అలాగే ఉంది.

ఇంకొకరు: తెలుగులో ఆ తంటా ఎందుకండీ, “మార్చి పంచడానికి” అంటే పోదా? క్త్వార్థకం ఉన్నదే అందుకు.

జవాబు: అప్పుడు ఇంకో చిక్కు. మార్చకుండా పంచేవాడి సంగతేంటి? మార్చాకే పంచాలని షరతు పెట్టినట్టు చదివేవాళ్లూ ఉంటారు. “ఉన్నదున్నట్టు గానీ, మార్చి గానీ పంచడానికి” అంటే రెండూ వస్తాయి. “మార్చడానికి” మాత్రం విడిగా ఉంచండి, ఎవరికీ పంచకుండా తనకోసమే మార్చుకునేవాళ్లుంటారు కదా.