కూరగాయలకు రైతు బజారుకే వెళ్లాలా? పది నిమిషాల యాప్‌లో కొంటే తప్పా?

కూకట్‌పల్లి వాసి:
మా అపార్ట్‌మెంట్ గ్రూపులో దీని మీద పెద్ద గొడవే అయింది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. పన్నెండేళ్లుగా ఆదివారం పొద్దున్నే సంచి పట్టుకుని రైతు బజారుకే వెళ్తున్నా. 1999 జనవరి 26న ఇవి మొదలైందే దళారీ లేకుండా రైతు తన పంట తానే అమ్ముకోవాలని, కొనేవాళ్లకూ బయటికన్నా తక్కువకు దొరకాలని. మా పక్కింటాయనేమో "యాప్ వాళ్లూ రైతు దగ్గరే కొంటున్నారు కదా, ఇంకా ఈ మోత ఎందుకు?" అంటారు. ఊరి చుట్టూ పండేది మనం కొనకపోతే ఆ పొలాలు ఎన్నాళ్లు నిలబడతాయన్నది నా బాధ. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల అమ్మ:
మీ ఉద్దేశం మంచిదేనండీ. కానీ నేను ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది, ఆ టైముకి ఏ బజారు తెరిచి ఉంటుంది? యాప్‌లో కొంటే రైతుకు ద్రోహం చేసినట్టు మాట్లాడితే మాత్రం ఒప్పుకోను. అయినా దగ్గర్లో పండిందే తినాలంటే మే నెలలో టమాటా సంగతేంటి? ఇక్కడి ఎండకు పూత రాలిపోతుంది, అప్పుడు మనకు దిక్కు మదనపల్లె, కోలారు. అక్కడివాళ్లూ రైతులేగా.

చేవెళ్ల కుర్రాడు:
అన్నా, మాది చేవెళ్ల వైపు. నాన్న అరెకరంలో పాలకూర, మెంతికూర, కొత్తిమీర వేస్తాడు. సాయంత్రం కోసి, మట్టి పోయేదాకా కడిగి, కట్టలు కట్టి తడి గోనెపట్టా కప్పి పెడితే రాత్రి రెండింటికి ట్రాలీ వస్తుంది, కిరాయి ఐదుగురం పంచుకుంటాం. కొత్తిమీరకు ఆయుష్షు ఒక్క పూటే, పదకొండు దాటితే ఆకు వాలిపోతుంది, ఇక ఎంతకు అడిగితే అంతకు ఇచ్చేయాలి.

నాన్నకు రైతు బజారులో అమ్ముకోడానికి ఇచ్చే రైతు కార్డు ఉంది. అయినా మేం వెళ్లే బజారులో షెడ్డు కింద కూర్చునేది మారుబేరగాళ్లు, మా గంప గేటు పక్కన ఎండలో. ఒక్కరి దగ్గరే క్యారెట్, బంగాళదుంప, బీన్స్, టమాటా అన్నీ కుప్పలుగా ఉన్నాయంటే అది హోల్‌సేల్ మార్కెట్ సరుకే. చిన్న రైతు దగ్గర రెండు మూడు రకాలకు మించి ఉండవు. పన్నెండేళ్లుగా మీరు ఎవరి దగ్గర కొంటున్నారో ఒకసారి చూసుకోండి అన్నా, కోపంతో అనట్లేదు.

అక్కా, యాప్ వాళ్లకూ ఇచ్చాం. రేటు బాగానే ఇచ్చారు, కాకపోతే నదురుగా ఉన్న కట్టలు ఏరుకుని మిగతావి వెనక్కి పంపారు. తిరిగొచ్చిన కూర మేకలకే.

ఉప్పల్ నుంచి ఒకరు:
దగ్గర్లో పండిందల్లా మంచిదే అనుకోకండి. పీర్జాదిగూడ దాటాక మూసీ వెంట పశువుల గడ్డి, ఆకుకూరలు పారేది మనం వదిలిన మురుగునీటితోనే. అక్కడి రైతుకు వేరే నీళ్లు లేవు. ఆ నీళ్లు శుభ్రం చేయకుండా లోకల్ ఫుడ్ అంటూ ఎన్ని మాటలు చెప్పుకున్నా నాకు ఎక్కవు.

కూకట్‌పల్లి వాసి:
తమ్ముడూ, నిజం చెప్పాలంటే నేనెప్పుడూ షెడ్డు కిందే కొన్నాను, అన్నీ ఒకే చోట దొరుకుతాయని. అమ్మా, మీ మాట కూడా ఒప్పుకుంటున్నా, టమాటా ఎక్కడిదైనా పర్వాలేదు. ఆకుకూర మాత్రం మదనపల్లె నుంచి రాదు కదా, దానికి ఈ చుట్టుపక్కల మడి ఉండాల్సిందే.

చేవెళ్ల కుర్రాడు:
ఆ మడి ఉంటేగా అన్నా. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల కోసం 1996లో జీవో 111 తెచ్చి 84 ఊళ్లలో కట్టడాలకు హద్దులు పెట్టారు. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. మా పక్క పొలం చుట్టూ ఇప్పుడు ప్రహరీ, లోపల ప్లాట్ల రాళ్లు. ఎకరం ధర వింటే పాలకూర వేయమని నాన్నకు ఏ మొహంతో చెప్పను? నాన్న చిన్న కార్డు ముక్క పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నంత కాలమే ఆ పొలం పొలంగా ఉంటుంది. ఆయనకు షెడ్డు కింద చోటు ఇప్పించమని మీ కాలనీవాళ్లు నలుగురు కలిసి అడగండి అన్నా, మేం అడిగితే వినట్లేదు.

కూకట్‌పల్లి వాసి:
ఏ బజారో మెసేజ్ పెట్టు. ఈ ఆదివారం ఆరింటికల్లా వస్తా, మా పక్కింటాయన్నీ తీసుకొస్తా.