హ్యాకింతోష్ కోసం చవకగా ఏ భాగాలు కొనాలి?

ప్రశ్న: మామూలు పీసీలో ఆపిల్ వారి మాక్‌ఓఎస్ నడపాలన్న (అంటే హ్యాకింతోష్) కోరికతో వాడిన సామాను వెతుకుతున్నాను. ఖర్చు ముప్ఫై వేలు మించకూడదు. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 కార్డు సరసమైన ధరకు దొరుకుతున్నాయి. తీసుకోవచ్చా?

సమాధానం 1: దయచేసి ఆ కార్డు కొనకండి. ఎన్విడియా పాస్కల్ తరం కార్డులకు మాక్ డ్రైవర్లు 2017 నాటి మాక్‌ఓఎస్ హై సియెర్రాతోనే ఆగిపోయాయి. ఆ తరువాతి తరానికి చెందిన 1650కి అసలు డ్రైవరే రాలేదు. ప్రాసెసర్‌గా ఐ5-10400 మేలు, ఎందుకంటే 2020 ఐమాక్‌లో వాడినది ఆ తరమే కనుక దానిలోని యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్‌ను మాక్‌ఓఎస్ గుర్తిస్తుంది, విడిగా కార్డు కొనే ఖర్చు కూడా తప్పుతుంది. పేరు చివర ‘ఎఫ్’ ఉంటే మాత్రం ఆ గ్రాఫిక్స్ ఉండదు.

సమాధానం 2: విడి కార్డే కావాలంటే ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 చాలు. అయితే పెట్టె మీద 580 అని రాసి ఉన్నా, లోపల 2048 షేడర్లే (గ్రాఫిక్స్ లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఉండే 2048ఎస్‌పీ రకం ఉండవచ్చు. నేను అలాగే మోసపోయాను. పీసీలో మాక్‌ఓఎస్‌ను బూట్ చేసే ఓపెన్‌కోర్‌లో డివైస్ ఐడీ (కార్డు గుర్తింపు సంఖ్య) మార్చేదాకా దానికి గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ రాలేదు. కొనేముందు కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో షేడర్ల సంఖ్య 2304 ఉందో లేదో చూపించమని అడగండి.

సమాధానం 3: ఇంటెల్ యంత్రాలకు టాహోయే చివరి మాక్‌ఓఎస్ అని ఆపిల్ 2025లో ప్రకటించింది. పైగా ఆపిల్ యంత్రాల్లో తప్ప వేరేచోట దీన్ని వాడేందుకు లైసెన్సు ఒప్పుకోదు. సరదాకైతే సరే, జీవనాధారమైన పనికైతే ఆపిల్ సొంత చిప్ ఎం1 ఉన్న వాడిన మాక్ మినీ ధర కూడా కనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. 10400 తీసుకుంటాను, కార్డు సంగతి తరువాత చూస్తాను.